మినీ పీసీకి రెండు 4కె మానిటర్లు ఎలా ఎంచుకోవాలి: ముందు ఆ డబ్బాని వెనక్కి తిప్పండి

"చిన్న పీసీ ఒకటి కొన్నా, దానికి రెండు 4కె మానిటర్లు పెడదామనుకుంటున్నా, ఏవి కొనమంటారు?" ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తగ్గట్లేదు. ఒక్కొక్కళ్ళకి విడివిడిగా జవాబు టైప్ చేసి చేసి విసుగొచ్చి మొత్తం ఒకేచోట రాసేస్తున్నా. ఫలానా మోడల్ కొనేయండి అని ఇందులో ఉండదు, ఎందుకంటే మోడళ్ళు చూస్తుండగానే మారిపోతాయి, ఏది కొన్నా పప్పులో కాలేయకుండా ఎలా చూసుకోవాలో మాత్రం ఉంటుంది.

అందరూ చేసే తప్పు ఒకటే, మానిటర్ దగ్గర మొదలుపెడతారు. నేనూ అదే చేశా. రెండు 27 అంగుళాల 4కె మానిటర్లు తెచ్చి బిగించా, ఒకటి బ్రహ్మాండంగా ఉంది, రెండోదాంట్లో మౌస్ కదిపితే పాకంలో పడ్డ చీమలా ఈడ్చుకుంటూ వస్తోంది. మానిటర్ పాడైందనుకుని రెండ్రోజులు దాన్నే తిట్టుకున్నా, వాపస్ ఇచ్చేద్దామని మళ్ళీ పెట్టెలో కూడా సర్దేశా. చివరికి తేలిందేంటంటే పీసీ వెనకాల ఉన్న రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్నాయిగానీ ఒకటి 2.0, ఇంకోటి 1.4. ఆ రెండోది 4కెలో సెకనుకి 30 బొమ్మలు మాత్రమే పంపగలదు. అంటే మానిటర్ తప్పేమీ లేదు, చూడకుండా కొన్న నాదే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ పీసీ పూర్తి మోడల్ నంబరు. సాధారణంగా అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. పేరొకటే అయినా చివరి రెండు అక్షరాలు మారితే పోర్టులు మారిపోతాయి, అందుకని మొత్తం రాసుకోండి
- ఆ మోడల్ మాన్యువల్, లేదా తయారుచేసినవాళ్ళ స్పెసిఫికేషన్ పేజీ. అమ్మేవాళ్ళ పేజీ కాదు, వాళ్ళు కాపీ పేస్ట్ చేసేస్తారు
- కొలిచే టేపు
- ఫోన్ టార్చి
- కాగితం, పెన్ను

1. పోర్టులన్నీ కాగితం మీద రాయండి

పీసీని వెనక్కి తిప్పి టార్చి వేసి చూడండి. ప్రతి పోర్టుకీ పేరు, పక్కన వెర్షన్. వెర్షన్ పోర్టు మీద రాసి ఉండదు, మాన్యువల్లోనే దొరుకుతుంది.

హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కె 30 హెర్ట్జ్ (అంటే సెకనుకి 30 బొమ్మలు) దగ్గర ఆగిపోతుంది. 2.0 అయితే 4కె 60 వస్తుంది, 2.1 అయితే అంతకంటే పైకి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 నుంచే 4కె 60 ఇస్తుంది, 1.4 ఉంటే 120 దాకా వెళ్ళొచ్చు. రోజంతా కూర్చుని పని చేసేవాళ్ళకి 30 అస్సలు పనికిరాదు, సినిమా చూడ్డానికైతే సర్దుకుపోవచ్చు గానీ స్క్రోల్ చేస్తుంటే కళ్ళు లాగేస్తాయి. కాబట్టి మన లెక్క రెండు స్క్రీన్లూ 60 దగ్గర నడవాలి, అంతకంటే తక్కువైతే ఒప్పుకోవద్దు.

యూఎస్‌బీ-సీ దగ్గరే అసలు తిరకాసు. కన్నం ఆకారం ఒకటే, లోపల సరుకు వేరు. కొన్ని ఉత్త డేటాకి, కొన్ని ఛార్జింగ్‌కి, కొన్నింటిలోంచి మాత్రమే వీడియో వస్తుంది. టార్చి వేసి పక్కన గుర్తు చూడండి, డి అక్షరంలో పి ఇమిడిపోయినట్టుంటే డిస్‌ప్లేపోర్ట్ వస్తుందని, మెరుపు గుర్తుంటే థండర్‌బోల్ట్ అని, దాంట్లోంచీ వీడియో వస్తుంది. గుర్తేమీ లేకపోతే రాదని కాదు, మాన్యువల్లో "డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్" అనే మాట ఉందేమో వెతకండి. ముందువైపున్న యూఎస్‌బీ-సీలో వీడియో రాకుండా వెనకదాంట్లో మాత్రమే వచ్చే డబ్బాలు బోలెడు.

2. లోపలి చిప్ ఎన్ని స్క్రీన్లు మోస్తుందో చూడండి

పోర్టులు నాలుగున్నాయని నాలుగు స్క్రీన్లు వస్తాయనుకోవద్దు. చిప్‌కి ఒక లిమిట్ ఉంటుంది. ఉదాహరణకి చవక మినీ పీసీల్లో ఎక్కువగా కనపడే ఇంటెల్ ఎన్100 మూడు డిస్‌ప్లేల దాకా నడుపుతుంది, రెండు 4కె 60కి చిప్ వైపు నుంచి ఇబ్బంది లేదు, డబ్బా తయారుచేసినవాడు పోర్టులు ఏవి పెట్టాడన్నదే ప్రశ్న.

మ్యాక్ మినీ వాళ్ళు ఇంకొంచెం జాగ్రత్త. 2020లో వచ్చిన ఎం1 మినీకి రెండు స్క్రీన్లే, అవి కూడా ఒకటి థండర్‌బోల్ట్ నుంచి, ఒకటి హెచ్‌డీఎంఐ నుంచి. రెండు థండర్‌బోల్ట్ పోర్టులకీ చెరొకటి తగిలిస్తా అంటే కుదరదు. 2023 ఎం2 మినీకి కూడా రెండే గానీ రెండూ థండర్‌బోల్ట్ నుంచి తీసుకోవచ్చు. 2024 ఎం4 మినీ మూడింటిని నడుపుతుంది.

ఇక్కడే ర్యామ్ గురించి ఒక్క మాట. చిన్న పీసీల్లో గ్రాఫిక్స్‌కి విడిగా మెమరీ ఉండదు, ఉన్న ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. మీ పీసీలో రెండు ర్యామ్ స్లాట్లుండి ఒక్క ర్యామ్ స్టిక్కే ఉంటే రెండోది కూడా వేయండి, రెండు 4కె స్క్రీన్లతో తేడా తెలుస్తుంది. గేములు మాత్రం 4కెలో ఆశించకండి.

3. టేబుల్ కొలవండి

27 అంగుళాల మానిటర్ బొమ్మ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు, అంచులతో రెండూ పక్కపక్కన పెడితే 122 నుంచి 124 అవుతుంది. 24 అయితే రెండూ కలిపి 108 లోపు. 32 అయితే 140 దాటిపోతుంది, తల అటూ ఇటూ తిప్పలేక మెడ పట్టేస్తుంది, నా దృష్టిలో రెండు 32లు అందరికీ పనికొచ్చేవి కావు. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా పెడితే 27లు కూడా 95 సెంటీమీటర్లకి కాస్త ఎక్కువలో సర్దుకుంటాయి, కోడ్ రాసేవాళ్ళకీ పెద్ద పెద్ద డాక్యుమెంట్లు చదివేవాళ్ళకీ ఇది బాగుంటుంది, కాకపోతే స్టాండు తిరిగేదై ఉండాలి.

లోతు కూడా కొలవండి. కళ్ళకీ స్క్రీన్‌కీ మధ్య ఒక చెయ్యి చాపినంత దూరం ఉండాలి, మానిటర్ స్టాండు పాదమే 20 సెంటీమీటర్లకి పైగా తినేస్తుంది కదా, టేబుల్ వెడల్పు చూసుకుని లోతు మర్చిపోతారు.

4. సైజూ రిజల్యూషన్ కలిపి ఆలోచించండి

ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే. 4కె అంటే 3840 అడ్డం, 2160 నిలువు చుక్కలు (పిక్సెళ్ళు). అవే చుక్కలు 24 అంగుళాల్లో కుక్కితే అంగుళానికి 185 దాకా, 27లో 163, 32లో 138. 27 అంగుళాల 1440పీ (2560 అడ్డం, 1440 నిలువు) అయితే 109.

చుక్కలు దగ్గరైతే అక్షరం నున్నగా వస్తుంది గానీ చీమ తలకాయంత అవుతుంది, అప్పుడు స్కేలింగ్, అంటే అక్షరాలూ బొమ్మలూ ఎంత పెద్దగా చూపించాలో చెప్పే సెట్టింగు, పెంచుతాం. 27 అంగుళాల 4కెని 150 శాతం స్కేలింగ్‌లో పెడితే స్క్రీన్ మీద పట్టే సరుకు 2560, 1440 మానిటర్‌లో పట్టినంతే. "4కె కొన్నా కానీ చోటేం పెరగలేదండీ" అని వచ్చేవాళ్ళంతా ఇక్కడ దెబ్బతిన్నవాళ్ళే. పెరిగింది చోటు కాదు, అక్షరాల నాణ్యత. చోటే కావాలంటే 32 అంగుళాల 4కె తీసుకుని 125 శాతం పెట్టుకోండి, 3072 అడ్డం 1728 నిలువు అంత చోటొస్తుంది. 24 అంగుళాల 4కె 200 శాతంలో అక్షరాలు అచ్చేసినట్టుంటాయి గానీ చోటు మాత్రం పాత 1080పీ అంతే.

నన్నడిగితే రోజంతా చదవడం రాయడం చేసేవాళ్ళకి రెండు 27 అంగుళాల 4కెలు సరిగ్గా సరిపోతాయి.

మీ పీసీలో ఒక పోర్టు పాత హెచ్‌డీఎంఐ 1.4 అయితే ఏడవక్కర్లేదు, ఆ పోర్టుకి 27 అంగుళాల 1440పీ మానిటర్ పెట్టండి, అది 60 దగ్గర హాయిగా నడుస్తుంది. 4కెకి 150 శాతం, దీనికి 100 శాతం పెడితే రెండింట్లో అక్షరాల సైజు ఒకటే అయిపోతుంది, పదును మాత్రం తేడా ఉంటుంది. లినక్స్ వాళ్ళు ఇలా వేరువేరు స్కేలింగ్ కావాలంటే వేలాండ్ సెషన్ (స్క్రీన్ మీద బొమ్మ చూపించే కొత్త వ్యవస్థ) వాడండి, పాత వ్యవస్థ ఎక్స్11లో ఇది పెద్ద తలనొప్పి.

5. మానిటర్లో చూడాల్సినవి

ప్యానెల్, అంటే తెర రకం, ఐపీఎస్ తీసుకోండి. రెండు స్క్రీన్లు పెట్టినప్పుడు ఎప్పుడూ ఒకదాన్ని పక్కనుంచే చూస్తాం, వీఏ ప్యానెల్‌లో పక్కనుంచి చూస్తే రంగు వెలిసినట్టవుతుంది. ఓలెడ్ అందంగా ఉంటుంది నిజమే, కానీ రోజంతా ఒకేచోట కదలకుండా ఉండే టాస్క్‌బార్ దాని మీద మచ్చగా మిగిలిపోయే ప్రమాదముంది, ఆఫీసు పనికి నేను చెప్పను.

మీ పీసీ పోర్టులు రాసుకున్న కాగితం తీసి మానిటర్ పోర్టులతో జత కలపండి. ఎంత వీలైతే అంత నేరుగా, మధ్యలో అడాప్టర్ లేకుండా.

మానిటర్ యూఎస్‌బీ-సీ నుంచి 65 లేదా 90 వాట్ల కరెంటు ఇస్తుందని ఎగిరి గంతేయకండి, మీ పీసీ ఆ పోర్టు నుంచి కరెంటు తీసుకుంటుందో లేదో చూడాలి. చాలా చిన్న పీసీలు గుండ్రటి పిన్ను అడాప్టర్‌తోనే నడుస్తాయి.

వెనకాల వెసా కన్నాలు, అంటే 100 మిల్లీమీటర్ల చదరంలో నాలుగు స్క్రూ కన్నాలు ఉన్నాయా? పీసీని మానిటర్ వెనక్కి తగిలిద్దామనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి: కొన్ని మానిటర్లలో స్టాండు కూడా ఆ కన్నాలకే బిగుస్తుంది, ఆర్మ్ (మానిటర్‌ని గాల్లో పట్టుకునే చెయ్యి) అయితే ఎలాగూ వాటికే. ఇక పీసీకి చోటెక్కడ? విడిగా బ్రాకెట్ వెతుక్కోవాల్సొస్తుంది.

హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపించే పద్ధతి) 400 లాంటి స్టిక్కర్ల కోసం ఒక్క పైసా ఎక్కువ పెట్టొద్దు. రెండూ ఒకే మోడల్, వీలైతే ఒకేసారి కొనండి. వేరే కంపెనీది పక్కన పెడితే ఒకటి పసుపు కొట్టి ఇంకోటి నీలం కొట్టి, ఎంత సవరించినా కన్ను అక్కడికే పోతుంది.

6. కేబుళ్ళు, అడాప్టర్లు, హబ్బులు

డబ్బులు మిగుల్చుకుందామని ఇక్కడ కక్కుర్తి పడితే మొత్తం పోతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ మీద "ప్రీమియం హై స్పీడ్" అని ఉంటే సెకనుకి 18 గిగాబిట్ల డేటా మోస్తుంది, 4కె 60కి అది చాలు. "అల్ట్రా హై స్పీడ్" అయితే 48. డ్రాయర్‌లో మూల పడి ఉన్న పాత కేబుల్ పని చేస్తుందేమో గానీ మధ్యమధ్యలో స్క్రీన్ నల్లగా అయ్యి వస్తుంటే ముందు దాన్నే అనుమానించండి. రెండు మీటర్ల లోపు తీసుకోండి.

డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్ళలో ఒక వింత ఉంది. మరీ చౌకవాటిలో 20వ పిన్నుకి కూడా తీగ కలిపేస్తారు, అలా కలపకూడదు. దాంతో మానిటర్ నుంచి కరెంటు వెనక్కి పీసీలోకి వస్తుంది. పీసీ ఆపేసినా లైటు మిణుకుమిణుకుమంటుంటే, సరిగ్గా స్టార్ట్ అవకపోతే కేబుల్ మార్చి చూడండి.

అడాప్టర్లకి దిక్కు ఉంటుంది. పీసీలో డిస్‌ప్లేపోర్ట్, మానిటర్లో హెచ్‌డీఎంఐ అయితే దొరుకుతుంది గానీ 4కె 60 కావాలంటే "యాక్టివ్" అని రాసి ఉన్నదే కొనాలి. పీసీలో హెచ్‌డీఎంఐ, మానిటర్లో డిస్‌ప్లేపోర్ట్ అయితే అదే అడాప్టర్ తిప్పి పెడితే రాదు, అది వేరే వస్తువు, దానికి సాధారణంగా యూఎస్‌బీ నుంచి కరెంటు కూడా ఇవ్వాలి.

చాలా యూఎస్‌బీ-సీ హబ్బుల (ఒక పోర్టు నుంచి చాలా పోర్టులు తీసే డబ్బాల) మీద పెద్ద అక్షరాల్లో 4కె అని ఉంటుంది, 30 హెర్ట్జ్ అన్నది పెట్టె వెనకాల చీమలబారులా ఉంటుంది. అలాంటి హబ్బు సగం తీగలు యూఎస్‌బీకి ఇచ్చేసి మిగతా సగంతో వీడియో నడుపుతుంది, అందుకే 30. ఒక మానిటర్ నుంచి ఇంకో మానిటర్‌కి గొలుసులా కలిపే పద్ధతి కూడా ఉంది, డిస్‌ప్లేపోర్ట్ 1.2 మీద రెండు 1440పీలు బాగానే వస్తాయి, రెండు 4కె 60లు మాత్రం పట్టవు. మ్యాక్‌లో ఈ గొలుసు అసలు పనిచేయదు, రెండింట్లో ఒకే బొమ్మ కనిపిస్తుంది.

ఏ దారీ లేకపోతే డిస్‌ప్లేలింక్ అడాప్టర్ ఉంది, మామూలు యూఎస్‌బీ నుంచే స్క్రీన్ తెస్తుంది. కానీ బొమ్మని ప్రాసెసరే కుదించి పంపాలి, డ్రైవర్ వేసుకోవాలి, కాపీరైట్ రక్షణ ఉన్న వీడియోలు కొన్ని నల్లగా వస్తాయి. మెయిల్, చాట్ పెట్టుకునే రెండో స్క్రీన్‌కి అయితే ఓకే.

7. తగిలించాక

మానిటర్ సొంత మెనూలోకి వెళ్ళండి. చాలావాటిలో హెచ్‌డీఎంఐకి గానీ డిస్‌ప్లేపోర్ట్‌కి గానీ వెర్షన్ ఎంచుకునే ఆప్షన్ ఉంటుంది, కొన్ని పాత వెర్షన్‌లో పెట్టి పంపిస్తారు. దాన్ని మార్చకుండా కేబుల్ మీద, పీసీ మీద పడి ఏడ్చేవాళ్ళని చూశా.

తర్వాత విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే. అక్కడ రెండు డబ్బాలు కనిపిస్తాయి, వాటిని మౌస్‌తో లాగి టేబుల్ మీద ఎలా ఉన్నాయో అలాగే అమర్చండి, పై అంచులు కలిసేలా. లేకపోతే మౌస్ ఒక స్క్రీన్ నుంచి ఇంకోదానికి పోయేటప్పుడు గోడకి తగిలినట్టు ఆగిపోతుంది. రెండూ ఒకే సైజు 4కెలైతే స్కేలింగ్ ఒకటే పెట్టండి. హెచ్‌డీఆర్ ఆన్‌లో ఉంటే ఆపేయండి, చవక ప్యానెళ్ళలో డెస్క్‌టాప్ అంతా పాలిపోయినట్టవుతుంది.

8. సరిగ్గా వస్తోందో లేదో చెక్ చేయండి

ఇది మాత్రం ఎవరూ చేయరు, నెలల తర్వాత "మసకగా ఉందండీ" అంటారు.

అదే డిస్‌ప్లే పేజీ కింద అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే నొక్కి పైన ఒక్కో మానిటర్‌ని ఎంచుకోండి. రిఫ్రెష్ రేట్ 60 ఉండాలి, 59.94 అన్నా ఫర్వాలేదు. డెస్క్‌టాప్ మోడ్, యాక్టివ్ సిగ్నల్ మోడ్ అని రెండు లైన్లుంటాయి, 4కె మానిటర్ అయితే రెండింట్లోనూ 3840, 2160 ఉండాలి. కింద కలర్ ఫార్మాట్ ఆర్‌జీబీ అని ఉండాలి. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్, లినక్స్‌లో సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ దగ్గర రిఫ్రెష్ రేట్ చూసుకోవచ్చు.

ఇక కంటితో చూసే పరీక్ష. ఏదైనా డాక్యుమెంట్ తెరిచి నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద చిన్న సైజులో ఎర్ర అక్షరాలు నాలుగు లైన్లు కొట్టండి. ఆ కిటికీని (విండోని) ఒక స్క్రీన్ నుంచి ఇంకోదానికి లాగి చూడండి. రెండింట్లోనూ గీతలు గీసినట్టు స్పష్టంగా ఉంటే మంచిది. ఒకదాంట్లో అక్షరాల అంచులు ఉడికిపోయి ముద్దయిపోయినట్టు ఉంటే ఆ పోర్టులో బ్యాండ్‌విడ్త్ (డేటా మోసే సత్తా) చాలక రంగు సమాచారం కోసేస్తోంది, అంకెల్లో 4కె 60 అని చూపించినా సరే. కేబుల్, పోర్టు, మానిటర్ మెనూ ఈ వరసలో మళ్ళీ చూడండి.

తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కొక్కటి స్క్రీన్ నిండా పెట్టి చచ్చిపోయిన చుక్కలు ఉన్నాయేమో వెతకండి, నలుపు మాత్రం లైట్లు ఆపి చూడండి, మూలల్లో వెలుగు కారడం అప్పుడే కనిపిస్తుంది. కొంచెం కారడం ఐపీఎస్‌లో మామూలే.

తరచుగా వచ్చే గొడవలు

రెండో స్క్రీన్ అస్సలు రావట్లేదా, కేబుళ్ళు అటుదిటు మార్చండి. తప్పు కేబుల్‌తో పాటు పోతే కేబుల్‌ది, మానిటర్‌తో పాటు పోతే మానిటర్‌ది, పోర్టు దగ్గరే ఉండిపోతే పీసీది. అయిదు నిమిషాల పని, నేను రెండ్రోజులు పోగొట్టుకున్నది ఇది చేయకే.

స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్క స్క్రీన్ మీదే అక్షరాలు వస్తున్నాయంటే అది జబ్బు కాదు, లోపలికి వెళ్ళాక రెండోది వస్తుంది.

నలుపు బూడిదరంగులా ఉందా, హెచ్‌డీఎంఐలో రంగు రేంజ్ లిమిటెడ్‌లో పడిపోయి ఉంటుంది, పీసీలోనూ మానిటర్లోనూ ఫుల్ పెట్టండి.

పీసీ నిద్ర లేచాక కిటికీలన్నీ ఒకే స్క్రీన్ మీదికి వచ్చి పడుతుంటే, విండోస్ 11లో డిస్‌ప్లే పేజీలో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద కిటికీల స్థానాలు గుర్తుపెట్టుకునే ఆప్షన్ ఉంది, టిక్ పెట్టండి. అయినా అదే గొడవైతే మానిటర్ మెనూలో డీప్ స్లీప్ లాంటిది ఉంటే ఆపండి.

ప్లగ్గుల సంగతి చివర్లో చెప్తున్నా గానీ ఇదీ ముందే చూసుకోండి, పీసీకొకటి, మానిటర్లకి రెండు, మూడూ లావుపాటి అడాప్టర్లే అయితే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పక్కపక్కన పట్టవు. పెట్టెలు, లోపలి థర్మాకోల్ వాపస్ గడువు అయ్యేదాకా పారేయకండి, చచ్చిన చుక్క మూడో రోజు కూడా కనపడొచ్చు.